అరంగుళం

మొదలు కనిపెట్టింది డాక్టర్ కాదు,
చార్‌బౌళి గల్లీల మిషను కుట్టే యాకూబ్ పాషా.
టేపు మెడల ఏసుకొని
నా రెండు భుజాల మీద రెండు చేతులు పెట్టి
చాన సేపు ఏం మాట్లాడలె.
"అంగుళం తేడా ఉంది రాజమల్లన్నా.
ఆరేండ్ల సంది కుడిపక్క తగ్గించి కత్తిరిస్తున్న.
నీకు చెప్పలె."

ఆరేండ్లు తిన్నగున్ననని తిరిగిన
ఒక కత్తెర దయతోటి.

ఎనుమాముల మార్కెట్ల ఇరవై మూడేండ్లు.
మిర్చి బస్తా ఎప్పుడెత్తినా కుడి భుజమే.
మొదటి నెల తుమ్మి తుమ్మి చచ్చిన.
ముక్కు, కండ్లు, గోర్ల సందులు, అన్ని మంటే.
తర్వాత ఒకనాడు తుమ్ము ఆగింది.
"ఇగ నువ్వు మార్కెటోనివైనవ్ పో"
అని ముఠా మేస్త్రి సాంబయ్య చాయ్ తాపిచ్చిండు.
మంట పోలేదు,
మంటను చెప్పే నోరు పోయిందని
అప్పుడు ఎరుక లేదు.

నక్కలగుట్ట దవాఖాన్ల డాక్టరమ్మ
నా వీపు మీద ఒక్కొక్క ఎముక వేలుతోటి లెక్కపెట్టింది
లాట్ నంబర్లు చదివినట్టు.
వాళ్ల నాయిన పరకాల దిక్కు నుంచి మిర్చి తెచ్చేటోడట.
"సుతిలి సాగితే బస్తా మూతి ఎట్లుంటది?
గట్లనే, ఎముకను ఎముకకు కట్టే తాళ్లు సాగినయి.
కండ ఒక్కటే ఎంతకని మోస్తది?"

సూదిల మందేందని అడిగిన.
"చక్కెర నీళ్లు."
నవ్వాపుకోలేదు నేను.
సూదికి రెండున్నర వేలు!
గేటు కాడ పది రూపాయల చాయ్ల
మూడు చెంచాలు ఏస్తరు కదమ్మా.

ఆమె నవ్వలె.
"చక్కెర బాగు చేయదు. చిన్న మంట పెడ్తది.
పాత దెబ్బను నీ ఒళ్లు మర్చిపోయింది.
మళ్ల మండితే
ఇక్కడ అతుకు బాకీ ఉన్నదని యాదికొస్తది.
అందరికి పనిచేస్తదని ఒట్టేయలేను."

"భుజం మళ్ల తుమ్మాలె, గంతేనా?"
అప్పుడు నవ్వింది.

సూది దిగినప్పుడు
తేజ రకం బస్తా మూతి ఒక్కసారి ఇప్పినట్టు
మెడ దాక ఘాటు.
మూడు రాత్రులు కుడిపక్క పండుకోలేదు.
"పైసలు పెట్టి నొప్పి కొనుక్కొచ్చిండు"
అని మా లచ్చవ్వ వాడకంత చెప్పింది.

మూడు సూదులు, రెండు నెలలు. బస్తా ముట్టొద్దు.
ముఠాల మేం పద్నాలుగు మందిమి.
మొదటి సాయంత్రం కూలి పంచుతుంటే
దూరంగ నిలబడి చెప్పులు చూసుకున్న.
సాంబయ్య పద్నాలుగు కుప్పలే పెట్టిండు.
ఎవ్వరు ఏమనలె.
పత్తి యార్డుల చీటీలు రాసిన,
పొద్దంత కూసొని, వీపుకు ఒక మెత్త పెట్టుకొని.

పొద్దుగాల గోడకు నిలబడుడు:
మడిమెలు, పిర్రలు, వీపు, తలకాయ తాకాలె.
మా ఇంటి గోడే తిన్నగ లేదు,
యార్డు గోడకు పోయేది.
పత్తి లారీ డ్రైవర్లు అడిగేటోళ్లు,
"ఎవలు నిలబెట్టిండ్రే నిన్ను, బడిల సారా?"

అద్దం ముందర మొదటిసారి
డాక్టరమ్మ నా భుజాలు పట్టి సర్ది వదిలింది.
ఎడమకు పడిపోతున్న, పట్టుకోమని అరిచిన.
అద్దంల ఉన్నోడు నిటారుగున్నడు.
ఒరిగింది నేను కాదు,
ఇన్నేండ్లు నేను తిన్నగనుకున్నది.
కాంటా ముల్లు కూడా అంతే,
ఒకటే పక్కకు గుంజి గుంజి పెడితే
ఖాళీ పళ్లెం కాడ కూడ అబద్ధం చెప్తది.
సరిజేసిననాడు
రైతు నమ్మడు, సేటు నమ్మడు.

రెండు నెలలకు మిర్చి షెడ్డుల అడుగు పెట్టిన.
తుమ్మొచ్చింది.
కొత్త పిలగాడొకడు నవ్వుకుంట లెక్కపెట్టిండు, ఏడు.
సాంబయ్య బస్తా లేపి
నా ఎడమ భుజం మీద పెట్టిండు.
ఇప్పుడు ఒక పారి కుడి, ఒక పారి ఎడమ.
ఎడమది ఇంకా పసిది, తొందరగ అలుగుతది.

మొన్న అంగీ గుడ్డ పట్టుకొని పోతే
యాకూబ్ పాషా మళ్ల రెండు చేతులు పెట్టిండు,
మళ్ల అదే మౌనం.
"అరంగుళం మిగిలింది. దాపెట్టన్నా?"

"వద్దు పాషా."

చాక్‌పీసు గీత
రెండు పక్కల ఒక్క తీరుగ గీసిండు.